నరకని అడవికి లెక్క రాసేదెవరు? రెడ్ ప్లస్ చిక్కుముడి

2025 నవంబరులో బ్రెజిల్‌లోని బెలేం నగరంలో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సులో ఉష్ణమండల అడవుల కోసం ఓ కొత్త నిధి మొదలైంది. అడవి కొట్టి పండించిన కాఫీ, కోకో, రబ్బరు తమ గడప తొక్కకూడదని ఐరోపా సంఘం చేసిన చట్టం ఆ మరుసటి నెలలోనే రెండోసారి వాయిదా పడింది. ఇటు మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల వార్షిక నివేదికల్లో ‘కార్బన్ న్యూట్రల్’, అంటే వదిలిన పొగకు సరిపడా వేరేచోట తగ్గించాం, అనే మాట మామూలైపోయింది. ఆ మాట వెనక ఎక్కడో కంబోడియాలోనో పెరూలోనో నరకకుండా ఉంచిన అడవి పేరు మీద కొన్న క్రెడిట్లు (ఒక్కోటి ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ ఆపినట్టు రసీదు) ఉండొచ్చు.

చూడ్డానికి ఇవి వేర్వేరు వార్తలే. తవ్వితే మాత్రం అన్నిటి అడుగునా ఒకటే తగాదా కనిపిస్తుంది. అడవి నరకడం ఆగితే ఎంత కార్బన్ ఆగినట్టు? ఆ లెక్క రాసే అధికారం ఎవరిది? డబ్బు ఎవరి చేతికి చేరాలి? అడవి నరకకుండా ఆపినందుకు డబ్బిచ్చే అంతర్జాతీయ ఏర్పాటు పేరే రెడ్ ప్లస్. చెట్లను కొలవడం కష్టమే, కానీ అసలు పేచీ అక్కడ లేదు. ‘మనం అడ్డుపడకపోతే ఏం జరిగి ఉండేది’ అన్న ఊహ మీద ఇక్కడ డబ్బు చేతులు మారుతోంది. ఆ ఊహను ఎవరు రాయాలన్న దాని చుట్టూనే ఇరవై ఏళ్లుగా ఒప్పందాలూ వివాదాలూ తిరుగుతున్నాయి.

ఒక హెక్టారు అడవిలో ఎంత కార్బన్ ఉంటుంది?

మనుషుల వల్ల వెలువడే గ్రీన్‌హౌస్ వాయువుల్లో వ్యవసాయం, అడవులు, భూవినియోగం వాటా 13 నుంచి 21 శాతం. 2010–2019 దశాబ్దానికి ఐరాస వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ వేసిన లెక్క ఇది. అందులో 45 శాతం దాకా అడవుల నరికివేత నుంచే వస్తోంది. 2015–2025 మధ్య ప్రపంచం ఏటా 1.09 కోట్ల హెక్టార్ల అడవిని పోగొట్టుకుందని ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ 2025 నివేదిక చెబుతోంది. పోయిందాంట్లో సింహభాగం ఉష్ణమండలానిదే.

చెట్టును తూకం వేయలేం కాబట్టి లెక్క దొడ్డిదారిన కట్టాలి. మన దేశంలో భారత అటవీ సర్వే సిబ్బంది చాలాకాలం అడవిలో 31.62 మీటర్ల భుజం ఉన్న చతురస్రం గీసేవారు. అది సరిగ్గా హెక్టారులో పదో వంతు. అందులోని చెట్ల మందాన్ని నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, అంటే మనిషి రొమ్ము ఎత్తులో కొలుస్తారు. ఆ మందాన్ని, చెట్టు జాతిని, కలప సాంద్రతను సూత్రంలో పెడితే ఎండు బరువు వస్తుంది. అందులో 47 శాతం కార్బన్ అని ఐపీసీసీ ఇచ్చిన సాధారణ అంకె. కార్బన్ కాలి గాలిలో కలిస్తే ఆక్సిజన్‌తో కలిసి బరువు పెరుగుతుంది కాబట్టి దాన్ని 44/12తో, అంటే 3.67తో గుణిస్తే కార్బన్ డయాక్సైడ్ టన్నులు తేలతాయి. హెక్టారులో 120 టన్నుల కార్బన్ ఉంటే 440 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అన్నమాట.

తప్పులు ఎక్కడ దొర్లుతాయి? సన్నచెట్లను నరికి తూచి తయారుచేసిన సూత్రాన్ని మహావృక్షాలకు వాడినప్పుడు. మొదలు దగ్గర వేళ్లు గోడల్లా లేచిన చెట్టుకు రొమ్ము ఎత్తులోనే టేపు చుట్టినప్పుడు. ఇండోనేషియా పీట్ నేలల్లో (కుళ్లిన మొక్కలు పొరలుగా పేరుకున్న బురద నేలలు) అయితే చెట్ల కన్నా మట్టిలోనే ఎక్కువ కార్బన్ ఉంటుంది. అక్కడ కాలువ తవ్వి నీరు తీసేస్తే, ఆ నల్లమట్టి ఏళ్ల తరబడి కార్బన్‌ను వదులుతూనే ఉంటుంది.

ఎంత విస్తీర్ణం పోయిందో ఉపగ్రహం చెబుతుంది. ఉష్ణమండలంలో చిక్కేమిటంటే, వానాకాలం పొడుగునా మబ్బే. అందుకని మబ్బును చీల్చుకుని చూసే రాడార్ ఉపగ్రహాల మీద ఆధారపడటం పెరిగింది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో–నాసాల నైసార్ ఆ కోవలోదే. దాని ఎల్ బ్యాండ్ తరంగాలు ఆకుల పైపొరను దాటి కొమ్మల్లోకి, మొదళ్ల దాకా దిగుతాయి. మొత్తం నరికేసిన చోటు ఇట్టే తెలుస్తుంది. నాలుగు పెద్ద చెట్లు ఎత్తుకుపోయి అడవిని పలచన చేసిన చోటు మాత్రం ఇప్పటికీ సరిగ్గా దొరకదు.

రెడ్ ప్లస్ ఎక్కణ్నుంచి వచ్చింది

2005లో మాంట్రియల్ వాతావరణ సదస్సులో పాపువా న్యూగినీ, కోస్టారికా ఒక ప్రతిపాదన తెచ్చాయి: మా అడవులు నరకకుండా ఆపితే లోకానికి లాభం, ఆ లాభానికి ఖరీదు కట్టండి అని. 2007 బాలి సదస్సులో అది ఎజెండాలోకి ఎక్కింది. నరికివేతతో పాటు అడవి క్షీణతను కూడా ఆపాలని చేర్చడంతో ఆ ఇంగ్లిషు మాటల తొలి అక్షరాలతో దాని పేరు ‘రెడ్’గా స్థిరపడింది. మన దేశం లాంటివి అక్కడ అడ్డుతగిలాయి. ఇష్టారాజ్యంగా నరికినవాడు ఆపితే డబ్బిస్తారు సరే, మొదటి నుంచీ కాపాడుకుంటూ, కొత్తగా పెంచుకుంటూ వస్తున్న వాడి సంగతేమిటి? ఆ గట్టి వాదన ఫలితమే పేరు చివరి ‘ప్లస్’. సంరక్షణ, సుస్థిర యాజమాన్యం, కార్బన్ నిల్వల పెంపు అందులోకి వచ్చాయి.

2010 కాన్‌కున్ సదస్సు ఏడు రక్షణ షరతులు పెట్టింది. సహజ అడవిని కొట్టి తోటలు వేయకూడదు, ఆదివాసుల హక్కులను, జ్ఞానాన్ని గౌరవించాలి, ఇక్కడ ఆపిన నరికివేత ఇంకోచోటికి పోకుండా చూడాలి, ఈ తరహాలో. 2013 వార్సా సదస్సు నియమావళిని పూర్తిచేసింది. దాని ప్రకారం డబ్బు కావాలంటే దేశం దగ్గర నాలుగు ఉండాలి: జాతీయ వ్యూహం, పోల్చి చూసేందుకు రిఫరెన్స్ స్థాయి, అడవిని గమనించే వ్యవస్థ, షరతులు ఎలా పాటిస్తున్నామో చెప్పే సమాచార వ్యవస్థ. 2015 పారిస్ ఒప్పందం 5వ అధికరణం వీటన్నిటికీ ముద్ర వేసింది.

ఇందులో హైదరాబాద్‌కూ ఓ పాత్ర ఉంది. 2012 అక్టోబరులో ఇక్కడ జరిగిన జీవవైవిధ్య సదస్సు రెడ్ ప్లస్ వల్ల జీవవైవిధ్యానికి హాని కలగకుండా తీసుకోవాల్సిన జాగ్రత్తల మీద దేశాలకు సూచనలు ఇస్తూ తీర్మానం చేసింది. భయం ఉత్తిది కాదు. టన్నుకు ఇంత అని డబ్బిస్తే, వందేళ్ల మిశ్రమ అడవి కన్నా ఆరేళ్లకే చేతికొచ్చే ఒకే జాతి తోట లాభసాటిగా కనిపిస్తుంది.

బేస్‌లైన్ ఒక్క అంకె మారితే ఏమవుతుంది: ఒక లెక్క

ఓ ఊహా ప్రాజెక్టు తీసుకుందాం. విస్తీర్ణం లక్ష హెక్టార్లు, హెక్టారుకు 440 టన్నుల కార్బన్ డయాక్సైడ్. ప్రాజెక్టు లేకపోతే ఏటా 1 శాతం, అంటే 1,000 హెక్టార్లు పోయేవని పత్రాల్లో రాశారు. ఈ అంచనానే బేస్‌లైన్ అంటారు. నిజంగా పోయింది 400 హెక్టార్లు. ఆగింది 600 హెక్టార్లు, అంటే 2,64,000 టన్నులు.

ఇక కోతలు. ఇక్కడ ఆపితే పక్క లోయలో నరుకుతారు. చెరువు గండి ఒకచోట పూడిస్తే నీరు ఇంకోచోట తెంపుకున్నట్టు. దీన్ని లీకేజీ అంటారు. దానికింద 15 శాతం తీసేద్దాం: మిగిలేది 2,24,400. ఇవాళ ఆగిన చెట్టు పదేళ్లకు కాలిపోవచ్చు కాబట్టి ఆ నష్టం పూడ్చడానికి 20 శాతం క్రెడిట్లను అమ్మకుండా ఉమ్మడి బఫర్ ఖాతాలో పెట్టాలి. అవి పోగా అమ్మకానికి వచ్చేవి 1,79,520 క్రెడిట్లు. క్రెడిట్ 5 డాలర్లయితే 8,97,600 డాలర్లు. డాలరుకు 85 రూపాయల లెక్కన ఏడు కోట్ల అరవై లక్షల పైమాటే.

ఇప్పుడు బేస్‌లైన్‌ను 1 శాతం నుంచి 0.6కి దించండి. అడవిలో ఒక్క ఆకు కూడా మారలేదు, నరికింది అదే 400 హెక్టార్లు. కానీ ఆగింది 200 హెక్టార్లకు, అమ్ముడయ్యే క్రెడిట్లు 59,840కి పడిపోతాయి. అంటే మూడో వంతు. 0.4 శాతం అని రాస్తే సున్నా. హెక్టారుకు ఎంత కార్బన్ అన్న లెక్కలో పది శాతం తప్పు జరిగితే ఆదాయం పది శాతమే మారుతుంది. బేస్‌లైన్‌లో అరశాతం తేడా వస్తే ప్రాజెక్టే తలకిందులవుతుంది. వివాదాలన్నీ ఈ అంకె మీదికే ఎందుకు వస్తాయో ఇక్కడ తెలుస్తుంది.

ఇదే లెక్కలో మరో విషయం ఉంది, ఎక్కువ మంది పట్టించుకోరు. ఆ 8,97,600 డాలర్లను లక్ష హెక్టార్లకూ పంచితే ఎకరాకు ఏడాదికి మూడు వందల రూపాయల పైచిలుకు వస్తుంది. ఆగిన ఆ 600 హెక్టార్లకే ఇస్తే ఎకరాకు యాభై వేలు దాటుతుంది. రెండో మొత్తానికి చాలామంది గొడ్డలి పక్కన పెడతారు. మొదటి మొత్తానికి ఎవరూ పెట్టరు. తీరా చూస్తే, ఆ 600 హెక్టార్లు ఏవో, వాటిని నరకబోయింది ఎవరో ఎవరికీ తెలియదు. నరకబోయేవాడికే ఇస్తామని ప్రకటిస్తే ఊరంతా గొడ్డలి పట్టుకుని వరుస కడుతుంది. అందుకే ప్రాజెక్టులు డబ్బును బడి, బోరుబావి, కాపలా జీతాల రూపంలో ఊరంతటికీ చల్లుతాయి. ఆ చల్లడంలో నరికివేతను ఆపే బలం పలచబడుతుంది. పైగా ఈ అంకెల్లోంచే డెవలపర్ వాటా, ఆడిట్ ఖర్చు, రిజిస్ట్రీ రుసుము పోవాలి.

2023లో పేలిన వివాదం, రెండు పక్షాల మాట

చట్టం బలవంతం లేని స్వచ్ఛంద మార్కెట్‌లో కంపెనీలు కొనే అటవీ క్రెడిట్లలో అధిక భాగానికి ముద్ర వేసేది వెర్రా అనే అమెరికా సంస్థ. పాత పద్ధతుల్లో ప్రాజెక్టు యజమానే తన అడవితో పోల్చడానికి ఓ ప్రాంతాన్ని ఎంచుకునేవాడు. అక్కడ నరికివేత జోరుగా ఉంటే తన బేస్‌లైన్ పెరుగుతుంది. లెక్క తనిఖీ చేసే ఆడిటర్‌కు ఫీజిచ్చేదీ అతనే. ముద్ర వేసే సంస్థకు ఆదాయం వచ్చేది జారీ అయ్యే ఒక్కో క్రెడిట్ మీద. ఎవరూ అబద్ధం చెప్పనక్కర్లేదు, ప్రతి మలుపులోనూ కాస్త ఉదారంగా ఉంటే చాలు, అంకె ఉబ్బుతుంది.

2023 జనవరిలో గార్డియన్, డీ త్సైట్ పత్రికలు, సోర్స్‌మెటీరియల్ అనే పాత్రికేయ బృందం కలిసి చేసిన పరిశోధన, ఆ సంస్థ జారీ చేసిన వర్షారణ్య క్రెడిట్లలో 90 శాతానికి పైగా ఉత్తుత్తివే కావొచ్చని రాసింది. అదే ఏడాది సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఆరు దేశాల్లోని 26 ప్రాజెక్టులను పరిశీలించింది. అవన్నీ ముందే రాసుకున్న బేస్‌లైన్లను పక్కనబెట్టి, ప్రాజెక్టు లేని, పోలికలున్న అడవులతో సరిపోల్చింది. లెక్క దొరికిన 18 ప్రాజెక్టులు జారీ చేయగల 8.9 కోట్ల క్రెడిట్లలో నిజంగా నరికివేత తగ్గడంతో ముడిపడింది 54 లక్షలకే, అంటే 6 శాతానికే.

వెర్రా ఈ ముగింపులను ఒప్పుకోలేదు. పోలికకు తీసుకున్న అడవులకు స్థానిక పరిస్థితులు సరిపోలలేదని, రోడ్డు దగ్గరి అడవికీ లోపలి అడవికీ ఉండే ముప్పు వేరని వాదించింది. అందులో నిజం లేకపోలేదు. జరగనిదాన్ని అంచనా వేసే పని పరిశోధకుడికీ అంతే కష్టం, అతని పద్ధతీ మరో ఊహే. తేడా ఒక్కటే. పరిశోధకుడి ఊహ మీద అతనికి క్రెడిట్‌కు ఇంత అని రాదు. చివరికి 2023 నవంబరులో వెర్రా కొత్త పద్ధతి తెచ్చింది. ఇకమీదట బేస్‌లైన్‌ను ప్రాజెక్టు యజమాని ఎంచుకోడు. మొత్తం ప్రాంతం నరికివేత గణాంకాలను తీసుకుని, ముప్పు పటం ఆధారంగా ఒక్కో ప్రాజెక్టుకు వాటా కేటాయిస్తారు. కలం యజమాని చేతిలోంచి తీసేశారన్నమాట.

ప్రాజెక్టు కాదు, దేశమే యూనిట్ అయితే?

లీకేజీకి మందు కొలత పరిధిని పెంచడమే అనేది ఇంకో వర్గం వాదన. దేశం మొత్తాన్నో రాష్ట్రం మొత్తాన్నో ఒకటిగా చూస్తే, ఈ లోయలో ఆగి ఆ లోయలో నరికింది కూడా అదే ఖాతాలో పడుతుంది. నార్వే చేసిన ఒప్పందాలన్నీ ఈ బాటలోవే. 2008లో బ్రెజిల్ అమెజాన్ నిధికి, 2010లో ఇండోనేషియాకు చెరో 100 కోట్ల డాలర్ల దాకా ఇస్తామంది. చమురు, గ్యాస్ అమ్మిన సొమ్ముతో అడవి కొంటున్నారన్న ఎత్తిపొడుపు మొదటి నుంచీ ఉంది. అయితే నార్వే ఆ టన్నులను తన ఉద్గారాలకు చెల్లు వేసుకోలేదు, ఫలితానికి బహుమతిగానే ఇచ్చింది.

డబ్బు కదిలిన వేగం మాత్రం వేరే కథ. ఇండోనేషియా తొలి ఫలితం 1.12 కోట్ల టన్నులు, టన్నుకు 5 డాలర్ల చొప్పున 5.6 కోట్ల డాలర్లు. అది చేతికి రాలేదంటూ 2021 సెప్టెంబరులో ఇండోనేషియా ఒప్పందాన్నే రద్దు చేసుకుంది. 2022లో కొత్త ఒప్పందం కుదిరాకే సొమ్ము విడుదలైంది.

గయానాది ఇంకో చిక్కు. ఆ దేశంలో నరికివేత ఎప్పుడూ అతి తక్కువే. గతాన్ని బట్టి బేస్‌లైన్ రాస్తే దానికి పైసా రాదు. అందుకని అడవి ఎక్కువ, నరికివేత తక్కువ ఉన్న దేశాలకు ప్రత్యేక సూత్రం పెట్టారు. దాని కింద వచ్చే 3.75 కోట్ల క్రెడిట్లను 2022 డిసెంబరులో హెస్ అనే చమురు కంపెనీ కనీసం 75 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. గయానా తీరంలో చమురు తీసే భాగస్వాముల్లో అప్పట్లో అదొకటి. ఆదాయంలో 15 శాతం ఆదివాసీ గ్రామాలకు. ముప్పే లేని అడవికి డబ్బెందుకు, ఆ క్రెడిట్ చూపించి చమురు కాలిస్తే గాలికి ఒరిగిందేమిటి అని విమర్శకులు అడుగుతారు. పాపం చేసినవాడికే పారితోషికమా అని గయానా తిరిగి అడుగుతుంది. బాలి తర్వాత మన దేశం అడిగిందీ అదే. ఇది లెక్కతో తేలే తగవు కాదు. డబ్బును బహుమతిగా ఇస్తే గయానా వాదన నిలుస్తుంది. ఇంకొకరి పొగకు చెల్లుచీటీగా అమ్మితే విమర్శకుల మాటే నిలుస్తుంది.

బ్రెజిల్‌లో నిజంగా పనిచేసిందేమిటి

అంకెలు చూడండి. బ్రెజిల్ అమెజాన్‌లో 2004లో 27,772 చదరపు కిలోమీటర్ల అడవి పోయింది. 2012కి అది 4,571కి దిగింది. 2021లో 13,038కి లేచింది. 2024లో 6,518, 2025లో 5,796.

మొదటి దిగుదల కార్బన్ డబ్బుతో వచ్చింది కాదు. అమెజాన్ నిధి పుట్టేనాటికే సగం పైగా తగ్గుదల వచ్చేసింది. 2004లో ప్రభుత్వం ఉమ్మడి కార్యాచరణ మొదలుపెట్టింది. డెటర్ అనే ఉపగ్రహ హెచ్చరిక వ్యవస్థతో నరికివేత కొన్ని రోజుల్లోనే తెలిసిపోయేది, తనిఖీ దళాలు నేరుగా ఆ చోటికే వెళ్లేవి. 2006లో, కొత్తగా నరికిన నేలలో పండిన సోయాను కొనబోమని పెద్ద వ్యాపారులు ఒప్పందం చేసుకున్నారు. 2008లో వచ్చిన దెబ్బ అన్నిటికన్నా గట్టిదని నా అంచనా: పర్యావరణ, భూమి పత్రాలు సక్రమంగా లేని అమెజాన్ రైతుకు బ్యాంకులు వ్యవసాయ రుణం ఇవ్వకూడదన్న నిబంధన. నరికివేత ఎక్కువున్న మున్సిపాలిటీల జాబితా ప్రకటించి, అక్కడ నిఘా బిగించారు. పశువుల మేపుకోసం అడవి కొట్టేవాడికి అప్పు పుట్టకపోతే గొడ్డలి దానంతటదే ఆగుతుంది.

తర్వాత ప్రభుత్వం మారింది, 2019లో అమెజాన్ నిధి నిర్వహణ కమిటీలను రద్దు చేశారు, నిధి స్తంభించింది, తనిఖీలు సడలాయి, అంకె పైకి పోయింది. 2023 జనవరిలో నిధి, తనిఖీలు రెండూ తిరిగి మొదలయ్యాయి, అంకె దిగింది. రాజకీయ సంకల్పాన్ని టన్నుకు 5 డాలర్లతో కొనలేరని ఒక వర్గం దీన్నుంచి పాఠం తీస్తుంది. తనిఖీ జీపులకు, పటాలకు, భూముల రిజిస్ట్రేషన్‌కు డబ్బు కావాలిగా, అదే ఆ నిధి పని అని ఇంకో వర్గం. రెండోది కూడా కాదనలేం.

ఇక్కడ చాలామంది తికమకపడే చోటు ఒకటి. 2024లో బ్రెజిల్ నరికివేత తగ్గిందంటారు, అదే ఏడాది ఉష్ణమండలంలో 67 లక్షల హెక్టార్ల ఆదిమ అడవి పోయిందని, అంతకు ముందటి ఏడాదితో పోలిస్తే దాదాపు రెట్టింపని, అందులో బ్రెజిల్‌దే పెద్ద వాటా అని ఉపగ్రహాలతో అడవులను గమనించే గ్లోబల్ ఫారెస్ట్ వాచ్ అంటుంది. రెండూ సరైనవే. బ్రెజిల్ అధికారిక లెక్క ఆగస్టు నుంచి జులై వరకు, ప్రధానంగా పూర్తిగా నరికేసిన నేలది. రెండోది జనవరి నుంచి డిసెంబరు వరకు, మంటల్లో పోయిన చెట్ల పైకప్పుతో సహా. ఆ ఏడు కరవు వల్ల మంటలు చెలరేగాయి. ఏ అంకె మీద డబ్బు ఇస్తారన్నది ఒప్పందంలో ముందే రాసుకోకపోతే, చెల్లింపుల రోజున కొట్లాట ఖాయం.

బెలేం నిధి బేస్‌లైన్‌ను ఎలా తప్పించుకుంది

ఉష్ణమండల అడవుల శాశ్వత నిధి ఈ ఊహాగానాన్నే వదిలేసింది. ఎంత ఆగిందని అడగదు, ఎంత నిలబడి ఉందని అడుగుతుంది. నిలబడి ఉన్న హెక్టారుకు ఏడాదికి 4 డాలర్లు. నరికివేత ఏడాదికి అరశాతం దాటిన దేశానికి అర్హత లేదు. దాటకపోయినా, పోయిన ప్రతి హెక్టారుకూ ఎన్నో రెట్ల కోత పడుతుంది. వచ్చిన దాంట్లో 20 శాతం ఆదివాసులకు, స్థానిక సమూహాలకు చేరాలి. క్రెడిట్లు పుట్టవు కాబట్టి ఎవరూ తమ పొగకు చెల్లు వేసుకోలేరు.

డబ్బెక్కడిది? లక్ష్యం 12,500 కోట్ల డాలర్ల మూలధనం: 2,500 కోట్లు ప్రభుత్వాల నుంచి, మిగతా 10,000 కోట్లు బాండ్ల కొనుగోలుదారుల నుంచి. తక్కువ వడ్డీకి తెచ్చి, వర్ధమాన దేశాల బాండ్లలో ఎక్కువ వడ్డీకి పెట్టి, మధ్యలో మిగిలే తేడాను అడవులకు పంచుతారు. ఆ తేడా తగ్గిన ఏడు అడవికి వచ్చేదీ తగ్గుతుంది. బెలేంలో వచ్చిన హామీలు 700 కోట్ల డాలర్లు కూడా దాటలేదు. అందులో నార్వేవే 300 కోట్లు, అవీ షరతుల మీద. హెక్టారుకు ఆ 4 డాలర్లంటే, పై లెక్కనే, మన రూపాయల్లో ఎకరాకు ఏడాదికి 138. ఆయిల్ పామ్ వేద్దామనుకునే వాణ్ని ఇది ఆపదు. ప్రభుత్వ ఖజానాకు అడవి మీద ఓ స్థిరాదాయం చూపించి, ఆర్థిక శాఖను అటవీ శాఖ పక్షాన నిలబెట్టడమే దీని అసలు ఎత్తుగడ.

మన అడవి లెక్కలోనూ ఇదే తగవు

అడవి అంటే ఏమిటన్న ప్రశ్న హైదరాబాద్‌కు కొత్త కాదు. బాలానగర్‌లోని జాతీయ దూరగ్రాహక కేంద్రం అప్పట్లో ఏజెన్సీ హోదాలో ఉండగా, ఉపగ్రహ చిత్రాలతో దేశపు తొలి అడవి పటం గీసింది. 1972–75లో 5.55 కోట్ల హెక్టార్లు, 1980–82కి 4.63 కోట్లు అని తేల్చింది. అటవీ శాఖ రికార్డుల్లో ఉన్నది దాదాపు 7.5 కోట్ల హెక్టార్లు. ఒకరిది కాగితం మీది అడవి, మరొకరిది పైనుంచి కనిపించే అడవి. ఆ తేడా దేశంలో పెద్ద దుమారమే లేపింది.

ఇప్పటి అధికారిక నిర్వచనం ప్రకారం ఒక హెక్టారుకు మించి, నేల మీద పది శాతం మేర చెట్ల పైకప్పు ఉంటే అది అడవి విస్తీర్ణమే. నేల ఎవరిదైనా, చెట్టు ఏదైనా సరే. ఖమ్మం జామాయిల్ తోటలూ, మామిడి తోటలూ లెక్కలోకి వస్తాయి. 2023 నివేదికలో అడవి, చెట్ల విస్తీర్ణం కలిపి 25.17 శాతం. ఒకచోట సహజ అడవి పోయి మరోచోట జామాయిల్ పెరిగితే మొత్తం అంకె కదలదు. విస్తీర్ణం నిలకడగా ఉందనే వాళ్లూ, అడవి పోతోందనే వాళ్లూ ఒకే నివేదికను చూపించి వాదించుకోవడానికి కారణం ఇదే. 2018లో కేంద్రం జాతీయ రెడ్ ప్లస్ వ్యూహాన్ని, రిఫరెన్స్ స్థాయిని సిద్ధం చేసుకుంది. 2030కి అడవులు, చెట్ల ద్వారా అదనంగా 250–300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చే నిల్వ పెంచుతామని పారిస్ ఒప్పందం కింద మాటిచ్చింది.

కార్బన్ ఎవరిది అనే చోట మనకు అసలు చిక్కు. మేఘాలయలోని ఖాసీ కొండల్లో సముదాయ రెడ్ ప్లస్ ప్రాజెక్టు నడవగలిగింది, ఎందుకంటే అక్కడ అడవి ఎక్కువగా ఊళ్లది, వంశాలది. తెలుగు ఏజెన్సీలో అలా కాదు. నేల రికార్డుల్లో అటవీ శాఖది. దాని మీద 2006 అటవీ హక్కుల చట్టం వ్యక్తికి పోడు పట్టాను, ఊరికి సామూహిక అటవీ వనరుల హక్కును ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడికి భూమి పోకుండా 1/70 చట్టం, సమతా తీర్పు ఉన్నాయి. ఇలాంటి చోట ముప్పై, నలభై ఏళ్ల కార్బన్ ఒప్పందం మీద సంతకం చేయాల్సింది అటవీ శాఖ అధికారి డీఎఫ్‌ఓనా, గ్రామసభా? ఒప్పందం నడిచినంత కాలం పోడుకు, మేపుకు, వెదురు కోతకు అడ్డుచెబితే దాన్ని హక్కు బదలాయింపు కింద చూడాలా? కాన్‌కున్ షరతుల్లో ఈ ప్రశ్నలకు సూత్రం దొరుకుతుంది, సంతకం ఎవరిదో దొరకదు.

చిన్న ఊరికి మార్కెట్ ఎంత ఇరుకో పవర్‌గూడ చూపించింది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని ఈ గిరిజన గూడెం మహిళలు కానుగ నూనె తీసేవారు. డీజిల్ బదులు ఆ నూనె వాడితే మిగిలే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు ఇచ్చింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తోడు నిలవబట్టి ఆ పత్రాలన్నీ తయారయ్యాయి. ఇది రెడ్ ప్లస్ కాదు, కానీ పాఠం దానిదే. ఇవాళ్టి నిబంధనల ప్రకారం అంత మొత్తం బయటి ఆడిటర్ రానుపోను ఖర్చుకే చాలదు. అందుకే మార్కెట్లోకి లక్షల హెక్టార్లే వస్తాయి, వాటితో పాటు మధ్యవర్తులూ వస్తారు.

అరకు కాఫీ గింజకూ అక్షాంశం కావాలి

ఐరోపా చట్టం కార్బన్ క్రెడిట్లను ముట్టుకోదు, సరుకునే పట్టుకుంటుంది. పశువులు, కోకో, కాఫీ, ఆయిల్ పామ్, రబ్బరు, సోయా, కలప. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టిన నేలలో పండినవైతే అమ్మడానికి వీల్లేదు. ఎక్కడ పండిందో ప్రతి మడికీ అక్షాంశ రేఖాంశాలు ఇవ్వాలి. నాలుగు హెక్టార్ల లోపు మడికి ఒక బిందువు చాలు, అది దాటితే హద్దులన్నీ గీయాలి. పండించిన దేశపు చట్టాల ప్రకారం భూమి పత్రాలూ సక్రమంగా ఉండాలి. పెద్ద కంపెనీలకు అమలు తేదీ ఇప్పుడు 2026 డిసెంబరుకు జరిగింది. మన దేశాన్ని తక్కువ ముప్పు జాబితాలో పెట్టారు. అందువల్ల తనిఖీలు తగ్గుతాయి కానీ బిందువులు ఇచ్చే బాధ్యత పోదు.

అరకు, పాడేరు వైపు రైతుకు ఎకరం, రెండెకరాల తోట. సిల్వర్ ఓక్ నీడ, దాని మీద మిరియాల తీగ, కింద కాఫీ. కళ్లం దగ్గర పది మంది పండ్లు కలిసిపోతే ఏ బస్తా ఏ మడిదో చెప్పలేరు కాబట్టి, కలిసిన మడులన్నిటి బిందువులూ ఆ సరుకుకు జతచేయాల్సి వస్తుంది. అందులో ఒక్క మడి తేడా వచ్చినా మొత్తం లాటు ఆగుతుంది. అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చే ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా ఉన్నవాడికి పత్రం చూపడం తేలిక. అర్జీ పెండింగులో ఉన్నవాడి కాఫీ, అడవి కొట్టకపోయినా, పత్రం దగ్గర ఇరుక్కుంటుంది. నీడ చెట్లు ముదిరి నాలుగు కొట్టి కొత్తవి నాటితే, ఉపగ్రహానికి అది అడవి నష్టంలా కనిపించే ప్రమాదం ఉంది. అప్పుడు అది తోటేనని నిరూపించే భారం సరుకు అమ్మేవాళ్ల మీదే పడుతుంది. మన అటవీ సర్వే లెక్కలో నీడ దట్టంగా ఉన్న ఆ కాఫీ తోట అడవి విస్తీర్ణం, ఐరోపా చట్టం దృష్టిలో అదే తోట సాగు నేల. రైతుకు గిట్టుబాటయ్యేది రెండోది.